ఎద్దుకు వారం చెప్పే మల్లేశయ్య

పొద్దున లేవగానే నూనె గానుగ తిప్పే గాండ్ల మల్లేశయ్య ముఖం కడుక్కొని, నొసట విభూతి పెట్టుకొని, ఇంకా గుక్కెడు అంబలి కూడా తాగకుండా కొట్టంలోకి పోయేవాడు. అక్కడ ఎద్దు రాజన్న ఉండేది. వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాక బతికి బట్టకట్టిన దూడ కాబట్టి దానికి ఆ పేరు. దాని మెడ మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగి, ఆ రోజు ఏ వారమో చెప్పేవాడు.

"రాజన్నా, ఇయ్యాల మంగళవారం బిడ్డా. పనున్నది."

సోమవారం నాడు మాత్రం గొంతు మారేది. పండుగ కబురు చెప్పినట్టు చెప్పేవాడు. "సోమవారమొచ్చిందిరా. పండుకో."

ఎద్దుకు వారాలతో పనేమిటని పిల్లలం నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు. "కండ్లకు గంతలు గట్టి తిప్పుతం. ఎటు పోతున్నదో తెల్వది, ఎంత దూరం నడిచిందో తెల్వది. ఏ దినమో గూడ తెల్వకపోతే పాపం గాదా?" అనేవాడు.

నిజాం సర్కారు కాలంలో మా ఇబ్రహీంపట్నం గాండ్లవాడలో నాలుగు గానుగలుండేవి. యాచారం దిక్కు నుంచి నువ్వుల బండ్లు, ఆముదాల బండ్లు వచ్చేవి. మల్లేశయ్య గానుగ మొదట దించిన నూనె ఎన్నడూ అమ్మకానికి పోలేదు. అందులో కొంత శివుని గుడికి, కొంత పీర్ల పండుగ దివిటీలకు తీసిపెట్టేవాడు. బాలింత ఉన్న ఇంటికి అడగకముందే ఒక గిన్నెడు పంపేవాడు. మేకను సాకుకునే ముసలమ్మలకు నూనె తీయగా మిగిలిన తెలగపిండి గుప్పెడు దక్కేది. ఇవన్నీ ఆయన ఒక లెక్కగా చేసినవి కావు. చెయ్యి అట్లా తిరిగేది, అంతే.

సోమవారం గానుగ ఆపడం ఆయన తాతల నాటి ఆనవాయితీ. శివుని వారం, నంది పని చేయరాదు. ఒకప్పుడు నాలుగు గానుగలూ ఆగేవి. తర్వాత హైదరాబాదు నుంచి మోటారు లారీల మీద మిల్లు నూనె డబ్బాలు రావడం మొదలైంది. సోమవారం గానుగ ఉండదని తెలిసిన జనం డబ్బా నూనె కొనుక్కొని పోసాగారు. కుల పెద్ద ఎల్లస్వామి తన గానుగను సోమవారం కూడా తిప్పాడు. అది చూసి మరో రెండు తిరిగాయి. మిగిలింది మల్లేశయ్యది ఒక్కటే. అందులోనూ సగం పాలు ఆయన బావమరిది దశరథది.

"బావా, ఎద్దంటె నాకు గూడ పానమే. కానీ పొయ్యి వారం వారం ఉపాసముండదు గద," అన్నాడు దశరథ, కుల పెద్ద ముందరే.

ఎల్లస్వామి చుట్ట నోట్లోంచి తీసి, "మల్లేశం, ఒక్క మాట చెప్పు. ఈ లోకంల గానుగెద్దుకు వారానికి ఒక దినం సెలవిచ్చేటోడు నువ్వు గాక ఇంకొకడు ఉన్నడా?" అని అడిగాడు.

దానికి జవాబు మల్లేశయ్య అల్లుని దగ్గర ఉంది. అల్లుడు బుచ్చయ్య బొంబాయిలో తాపీ మేస్త్రి. ఆడబిడ్డ పుట్టిందన్న కబురు మోసుకొచ్చి ఆ రోజు అరుగు మీదే కూర్చొని ఉన్నాడు.

"ఉన్నరు మామా! బొంబాయిల ఉన్నరు. యహూదీలు అంటరు. కొంకణం దిక్కు తరతరాల సంది గానుగలు తిప్పినోళ్లు. శనివారం గానుగ ముట్టకపోతుండె. అందుకే వాళ్లను ఊర్లల్ల 'శనివారం తేలీలు' అంటరు."

యహూదీలంటే యూదులు. తేలీ అంటే మరాఠీ నాట గాండ్లవాడే. మల్లేశయ్య లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"అన్నా, విన్నవా! మన కులపోళ్లు!"

"కులమెట్లైతరు? పని ఒక్కటి." ఎల్లస్వామి చుట్ట దులిపాడు. "బొంబాయోడు చెప్పినయన్ని నమ్ముతమా? నా కండ్లకు చూపియ్యి. చూపిస్తే నా గానుగ గూడ సోమవారం ఆపుత. నేనాపితే మిగిలినోళ్లు ఆపుతరు. చూపియ్యకపోతే నీ ఎద్దు గూడ తిరుగాలె. సరేనా?"

దశరథ కూడా మాట కట్టాడు. "ఈ సోమవారం ఆగుత. వచ్చే సోమవారం పొద్దుగాలకు కుల పెద్ద నోటి మాట రాకపోతే కాడి కడుత."

మనుమరాలిని చూడటానికి మల్లేశయ్య ఎట్లాగూ పోవాలి. ఇప్పుడు బుచ్చయ్య వెంట ఆయనా, ఎల్లస్వామీ ఇద్దరూ బయలుదేరారు. మొదట దించిన నువ్వుల నూనెను ఒక సీసాలో పోసి, భార్య రేణుకమ్మ బిరడా మీద గుడ్డ చుట్టి, దారంతో కట్టి ఇచ్చింది. "వాళ్లకు గూడ దేవుడుంటడు గద. దీపంల పొయ్యి," అంది. బొంబాయి రైలు ఎక్కే వాడి అనే స్టేషన్‌లో సర్కారు సుంకం జవాను మూట విప్పించి సీసా వాసన చూశాడు. దేవుని దీపానికని చెప్పగానే బిరడా మళ్లీ తానే కట్టి, పగలకుండా పంచె మడతలో పెట్టి ఇచ్చాడట. ఆ జవాను పేరు అడగలేదే అని మల్లేశయ్య చాలా ఏళ్లు నొచ్చుకున్నాడు.

బొంబాయిలో తెలుగు మేస్త్రులుండే కామాటిపురలో కూతురు యాదమ్మ తండ్రిని చూసి ఏడ్చింది, నవ్వింది, పసిదాన్ని ఒళ్లో పెట్టింది. "బాపూ, ఇరవై ఒకటో దినం దాక ఉండాలె. ఉయ్యాల నువ్వే ఊపాలె," అని పట్టుబట్టింది. ఆయన కాదనలేకపోయాడు. ఎల్లస్వామి మాత్రం శనివారం రాత్రి బండికే తిరుగుదారి పట్టాలనుకున్నాడు. ఆదివారం రాత్రికల్లా ఊరు చేరితే సోమవారానికి మాట అందుతుంది.

బుచ్చయ్య పని చేసే చోట లెక్కలు చూసే గుమాస్తా యహూదీ. ఆయన తల్లి రాహేల్‌బాయి. తమ వాడ చూపించమని అడిగితే ఆమె ఒప్పుకుంది కానీ, "మేమేం చేస్తామో ఏ రోజైనా చూడొచ్చు. మేమేం చేయమో చూడాలంటే శనివారమే రావాలి," అని కబురు పెట్టింది. ఎల్లస్వామికి ఆ మాట నచ్చింది. దొంగతనం పట్టుకోవడానికి పోయేవాడిలా తెల్లవారకముందే తయారై కూర్చున్నాడు.

దారిలో బైకుల్లా దగ్గర గడియారం గోపురమున్న ఒక పెద్ద మందిరాన్ని బుచ్చయ్య చూపించాడు. బాగ్దాదు నుంచి వచ్చిన యహూదీ షావుకార్లు కట్టించిందట. ఎల్లస్వామి మెడ వెనక్కి వంచి చూశాడు. "గానుగ తిప్పి గింత కట్టలేరు తమ్ముడా," అన్నాడు.

"వీళ్లు వేరే వాళ్లు. మన తేలీలవి మాండ్వీల ఉన్నయ్," అని బుచ్చయ్య వాళ్లను మాండ్వీ దాకా నడిపించి, రాహేల్‌బాయికి ఒప్పజెప్పి, పనికి పోయాడు.

రాహేల్‌బాయి డెబ్బై దాటిన మనిషి. మరాఠీ గోచీ చీర, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. ఏదో తెల్ల దొరసాని వస్తుందనుకున్న ఇద్దరూ తెల్లబోయారు.

"ఏం భావూ, మీ అక్కలా లేనా?" అని నవ్విందామె. భావూ అంటే మరాఠీలో తమ్ముడు. ఆమెది బొంబాయి హిందుస్తానీ, వీళ్లది హైదరాబాదు హిందుస్తానీ. అందని మాటలను చేతులు అందించాయి.

ఆ వీధిలో ఏ దుకాణమూ తెరవలేదు. వడ్రంగి బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. ప్రతి గుమ్మానికీ కుడి వైపున వేలెడంత కడ్డీ లాంటి పెట్టె ఒకటి వాలుగా దిగ్గొట్టి ఉంది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని తాకి వేళ్లు ముద్దు పెట్టుకుంటున్నారు.

"గడపకు తాయెత్తు గట్టిన్రా?" అని గుసగుసలాడాడు ఎల్లస్వామి.

ఆమె వింది. "లోపల దేవుని మాట రాసిన చిన్న తోలుముక్క ఉంటుంది భావూ. ఇంట్లోకి వస్తున్నా, పోతున్నా, నేను ఎవరి మనిషినో గుర్తు చేస్తుంది."

మల్లేశయ్య ప్రతి గుమ్మం ముందూ ఆగి దండం పెట్టుకుంటూ నడిచాడు. వీధి పొడుగు కావడంతో ఎల్లస్వామికి విసుగొచ్చింది. "ఇట్ల మొక్కుకుంట పోతే పొద్దుగూకుతది, నడువ్!"

పాత మందిరం గుమ్మం దగ్గర ఇద్దరూ చెప్పులు విడిచారు. భక్తి కొద్దీ రుమాళ్లు కూడా తలల మీంచి తీసి చంకన పెట్టుకున్నారు. లోపలి నుంచి మందిరం చూసుకునే ముసలాయన పరుగున వచ్చి, రెండు చేతులూ తల మీద పెట్టి చూపించాడు. ఇక్కడ దేవుని ముందు తల కప్పుకోవాలట. ఎల్లస్వామి రుమాల మళ్లీ చుట్టుకుంటూ, "మన దగ్గర తీస్తె మర్యాద, వీళ్ల దగ్గర పెడితే మర్యాద. దేవుడెట్ల గుర్తు పెట్టుకుంటడో!" అన్నాడు.

లోపల విగ్రహం లేదు. గర్భగుడి ఉండాల్సిన చోట, పడమటి గోడకు తెర కట్టిన బీరువా, దాని ముందు గొలుసులకు వేలాడే గాజు దీపం. మంత్రాల గొంతులు నిండి ఉన్నాయి. అంతలో తెర జరిపి, పట్టు కప్పిన పెద్ద గ్రంథపు చుట్టను ఎత్తుకొని బయటికి తెచ్చారు. జనమంతా దాని వైపు ఒరిగారు. చెయ్యి అందినవాళ్లు తాకారు, అందనివాళ్లు చెయ్యి చాచి ముద్దు పెట్టుకున్నారు. మల్లేశయ్య ఒళ్లు పులకరించింది. రథం మీద స్వామి తమ ఇంటి ముందుకు వచ్చినట్టే ఉందట. ఆయనకు తెలియకుండానే "హరహరా" అన్నాడు. పక్కనున్న పెద్దాయన వింతగా చూడలేదు. కాస్త జరిగి, గ్రంథం కనబడేలా చోటిచ్చాడు.

ఎల్లస్వామికి అప్పటికే కాళ్లు లాగుతున్నాయి. గోడ వారన పట్టు పరిచిన కుర్చీ ఒకటి ఖాళీగా కనిపించింది. కుల పెద్దకు ఖాళీ కుర్చీ కనిపిస్తే అది ఆయనదే. పోయి కూర్చోబోయాడు. ముసలాయన ఈసారి పరుగు కాదు, దూకాడు. అది ఏలియాహు ప్రవక్త కుర్చీ. పసిపిల్లల వేడుకకు ఆయన వస్తాడని ఎప్పటికీ ఖాళీగా ఉంచుతారట. మేడ మీద ఆడవాళ్ల వరుసలోంచి రాహేల్‌బాయి కొంగు నోట్లో కుక్కుకొని నవ్వడం కింది దాకా వినబడింది.

ప్రార్థన అయ్యాక మల్లేశయ్య ఆత్రంగా సీసా తీసి, దారం విప్పుతూ దీపం వైపు నడిచాడు. ముసలాయన మెల్లగా ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఈ రోజు కాదు. శనివారం మేం నిప్పు ముట్టం. వెలుగుతున్న దీపంలో నూనె పోసినా నిప్పు ముట్టినట్టే."

"పొయ్యి?"

"పొయ్యి కూడా వెలిగించం. నిన్న వండిందే."

మల్లేశయ్య ఎల్లస్వామి భుజం పట్టి ఊపేశాడు. "అన్నా! మనం ఎద్దుకు సెలవిస్తం. వీళ్లు నిప్పుకు గూడ సెలవిస్తున్నరు!"

ఎల్లస్వామి చెయ్యి అప్పుడే రొంటిన ఉన్న చుట్ట మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. రాహేల్‌బాయి వెంట ఉన్నంతసేపు చుట్ట ముట్టించడం బాగుండదు. ఆ రోజంతా ఆయన చుట్టను తీసి చూసుకొని మళ్లీ దోపుకుంటూనే ఉన్నాడు.

ఎండ ఎక్కాక రాహేల్‌బాయి తన ఇంటికి తీసుకుపోయింది. నాలుగు కాపురాల మధ్య ఒకటే వాకిలి. వాకిలి మూలన ఉన్నదాన్ని ముందు చూసింది ఎల్లస్వామే.

"ఓరి మల్లేశా! రోలు! గానుగ రోలు!"

ఇద్దరు ముసలివాళ్లూ పిల్లల్లా ఉరికారు. రాతి రోలు. రోకలి లేదు, కాడి లేదు. లోపల నీళ్లు పోసి ఉన్నాయి, పిచ్చుకలు తాగుతున్నాయి. మల్లేశయ్య నీళ్లలో మోచెయ్యి దాకా ముంచి లోపలి గోడ తడిమాడు. రోకలి తిరిగి తిరిగి నున్నబడిన చోటు చేతికి తగిలింది. కళ్లు మూసుకున్నాడు. ఎల్లస్వామి మూరతో కొలిచి, "మన దానికంటే జానెడు చిన్నది. ఎద్దు గూడ చిన్నదే అయ్యుంటది," అని తేల్చాడు.

"చిన్నదే భావూ, కొంకణపు ఎద్దు కదా," అంది రాహేల్‌బాయి. "ఈ రోలును మా నాయన పడవలో వేసుకొచ్చాడు. చిన్నప్పుడు కొంకణంలో ఎద్దు వెనక తిరిగింది నేనే. శుక్రవారం పొద్దుగూకగానే గంతలు విప్పేవాళ్లం. శనివారమంతా వాకిట్లో పడుకొని నెమరేసేది. మా ఊళ్లో కొత్తవాళ్లెవరైనా ఈ రోజు ఏ వారమని అడిగితే, తేలీ వాకిట్లో ఎద్దును చూడమనేవాళ్లు."

మల్లేశయ్యకు కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు. అప్పటిదాకా తన ఒక్కడి మొండితనమనుకున్నది సముద్రం ఒడ్డున కూడా ఉంది.

"మా పెద్దల పడవ ఆ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిందంటారు," అని ఆమె చెప్పుకుపోయింది. "పుస్తకాలు నీళ్లలో పోయాయి. ఎన్నో తరాలు చదువు లేదు. గుర్తున్నది కొంచెమే. దేవుడు ఒక్కడన్న మాట గుర్తుంది, శనివారం గుర్తుంది."

ఎల్లస్వామి గొంతు సవరించుకున్నాడు. పంచాయితీ గొంతు అది. "అక్కా, ఒక్క మాట. ఇప్పుడు ఈ బొంబాయిల మీ వాళ్లల్ల గానుగ తిప్పేటోడు ఎవడన్న ఉన్నడా?"

"లేడు. ఒకడు రైల్వేలో, ఒకడు పటాలంలో, ఒకడు వడ్రంగి."

"సూసినవా మల్లేశం! రోలుల పిట్టలు నీళ్లు తాగుతున్నయ్. ఎద్దుకు సెలవిచ్చినోళ్ల గానుగ ఆగిపాయె. దశరథ చెప్పింది నిజమే గద!"

మల్లేశయ్య ముఖం వాడిపోయింది. రాహేల్‌బాయి మాత్రం తొణకలేదు. "గానుగ పోయింది జీతాల కోసం భావూ, శనివారం కోసం కాదు. గానుగ వదిలేశాం. శనివారం వదల్లేదు. పొయ్యి చూసి రా, పో."

ఎల్లస్వామి నిజంగానే వంటింట్లోకి తొంగి చూసి వచ్చాడు. బూడిద చల్లగా ఉంది. ఆమె ఒక పళ్లెం తెచ్చింది. "మా ఇంట్లో అన్నం మీరు తింటారో లేదో అని నిన్ననే ఇది కలిపాను. మలీద." తడిపిన అటుకులు, కొబ్బరి, బెల్లం, పండ్ల ముక్కలు. మల్లేశయ్యకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. తమ దగ్గర బతుకమ్మకు రొట్టెలు పిసికి బెల్లంతో కట్టే ముద్దలకూ మలీద అనే పేరని చెప్పి, రెండు మలీదల తేడా ఆమెకు వివరించి, రెండు దోసిళ్లు తిన్నాడు.

అప్పుడు వీధిలో "మచ్ఛీ! తాజా మచ్ఛీ!" అని కేక వినబడింది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకొని కోళీ కులపు ఆడమనిషి ఒకతె వస్తోంది. ఆ వాకిలి దగ్గరికి రాగానే కేక ఆపేసింది. కాళ్ల పట్టీలు కూడా చప్పుడు కాకుండా అడుగులు మెల్లగా వేసి, రాహేల్‌బాయి వైపు ఒక నవ్వు నవ్వి, దాటిపోయింది. వీధి మూల తిరిగాక మళ్లీ "మచ్ఛీ!" మొదలైంది.

"గామె ఎందుకు ఆపింది?" అన్నాడు ఎల్లస్వామి.

"శనివారం కొనం కదా. అడిగితే వద్దని చెప్పాలి. మాతో వద్దనిపించడం ఆమెకు ఇష్టం ఉండదు. ఆమె తల్లి కూడా ఇట్లాగే పోయేది. పక్కింటి ఫాతిమా శనివారం మా ముందర అరువులు, అమ్మకాలు మాట్లాడదు. శనివారం మేం ఒక్కళ్లమే నిలబెట్టామా భావూ? ఈ వీధి నిలబెట్టింది."

ఎల్లస్వామి చుట్ట తీశాడు, చూశాడు, దోపుకున్నాడు. సోమవారాల్లో మల్లేశయ్య ఇంటి ముందు తన బండి ఆపి, "గానుగ సప్పుడు లేదేంది, పెళ్లి గిట్ల ఉన్నదా?" అని తానే గట్టిగా కేకలు వేయడం ఆయనకు అప్పుడు గుర్తొచ్చిందట. తర్వాత ఆయనే చెప్పాడు.

సాయంత్రం మళ్లీ మందిరానికి నడిచారు. ఆకాశంలో మూడు చుక్కలు కనబడితే శనివారం ముగిసినట్టు. మెట్ల మీద నిలబడి అందరికంటే ముందు ఎల్లస్వామే మెడ ఎత్తి వెతకడం మొదలుపెట్టాడు. మిల్లుల పొగలో ఒకటి దొరికింది. కాసేపటికి రెండోది.

"చుట్ట కోసమే గద అన్నా, గింత తిప్పలు?" అన్నాడు మల్లేశయ్య.

"నోర్ముయ్యి. నీ సీసా కోసమే సూస్తున్న. అదిగో! అదిగో మూడోది! పొగగొట్టం పక్కన!" ఆ కేకకు వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు.

లోపల ప్రార్థన ముగిశాక ముసలాయన గాజు దీపం కిందికి దించాడు. మల్లేశయ్య ఇబ్రహీంపట్నం నువ్వుల నూనె పోశాడు. వత్తి ఒకసారి చిటపటమని, నిలకడగా వెలిగింది. "మంచి నూనె," అన్నాడు ముసలాయన. "వారం రోజులూ మీ ఊరే ఇక్కడ వెలుగుతుంది."

బయట మెట్ల దగ్గర ఎల్లస్వామి మూట భుజానికెత్తుకున్నాడు. బండికి వేళవుతోంది. చుట్ట నోట్లో పెట్టుకొని అగ్గిపెట్టె తీశాడు. మల్లేశయ్య ఆయన ముందుకు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, గానుగ తిప్పేటోన్ని చూపియ్యలేకపోయిన. నేను గెలిచిన్నని అనను. నీ గానుగ ఆపుమని గూడ అడుగ. ఒక్క సాయం జెయ్యి. సోమవారం నేను ఊర్ల ఉండ. పొద్దుగాల దశరథ కాడి కట్టకముందే మా కొట్టంలకు పో. రాజన్న మెడ మీద చెయ్యేసి, ఇయ్యాల సోమవారమొచ్చింది, పండుకో అని చెవిల చెప్పు. నేను లేకుంటె దానికి ఏ దినమో చెప్పేటోళ్లు లేరు."

ఎల్లస్వామి అగ్గిపుల్ల గీయలేదు. చుట్టను నోట్లోంచి తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. కాసేపు ఆ మూడు చుక్కల వైపు చూశాడు.

"ఏ చెవిలరా?" అన్నాడు.